చలిగదిలో తాళంచెవి

మనిషిని మనిషి ముఖం చూసి నమ్మే అనాగరిక దశ ముగిసిందనీ, ఇకమీదట నమ్మకం ఫైలు రూపంలో మాత్రమే చెలామణి అవుతుందనీ, ఆ ఫైలు పేరు చివర ఒక చుక్కా, చుక్క తర్వాత మూడక్షరాల తోకా విధిగా ఉండాలనీ శీతల గిడ్డంగుల డిజిటల్ విశ్వాస మండలి మొన్న ఫిబ్రవరిలో ప్రకటించింది. తోక లేని నమ్మకాలనూ, తోక తప్పిన నమ్మకాలనూ స్వీకరించబోమని అందులో స్పష్టంగా ఉంది. (ప్రకటన కింద సంతకం మాత్రం లేదు. సంతకం చేయాల్సిన అధికారి గారి తోక ఆ రోజు కుదరలేదట.)

ప్రత్తిపాడు దాటాక గుంటూరు రోడ్డు మీద ఉన్న వాయునందన కోల్డ్ స్టోరేజీ అప్పటిదాకా ఆ అనాగరిక పద్ధతిలోనే నడిచింది. నసీమున్నీసా ఆటో దిగేది. కాపలాదారు బుడాన్ బీడీ ఆర్పి, "వచ్చావా అక్కా" అనేవాడు. గేటు తెరుచుకునేది. ఇంత జరిగినా ఎక్కడా పాస్‌వర్డ్ అడగకపోవడం చూసి మండలి తనిఖీ బృందం నిర్ఘాంతపోయింది. ఏ ఆధారం మీద సరుకు బయటికి వదులుతున్నావని వాళ్లు బుడాన్‌ని అడిగారు. "ముఖం చూసి వదుల్తానండి" అన్నాడతను. వారం తిరక్కుండా గేటు మీద ఒక సర్క్యులర్ అంటించారు: "ముఖము అంగీకరించదగిన ఫార్మాట్ కాదు."

నసీమున్నీసా పొట్టిముక్కు మిరప విత్తన మహిళా సంఘం అధ్యక్షురాలు. పొట్టిముక్కు అనేది కాయ పేరు. పొట్టిగా, మొద్దుగా, కొన దగ్గర ఎవరో నొక్కినట్టుండే కాయ. మిర్చి యార్డులో దాన్ని చూసి ఏ వ్యాపారీ ముచ్చటపడడు. అయితే ఆ కారంతో పెట్టిన ఆవకాయ మరుసటి వేసవికీ ఎర్రగానే ఉంటుంది. వాన ముఖం చాటేసిన ఏడు తక్కిన తోటలన్నీ తలవాల్చినా ఇది నిలబడుతుంది. దీని విత్తనం ఏ కొట్లోనూ దొరకదు. నసీమున్నీసా పల్లెలో ఆడవాళ్ల చేతుల్లోనే తరాలుగా తిరుగుతోంది. కోతల్లో మేలైన కాయలు ఏరి, విత్తనం తీయకుండా కాయలుగానే టిక్కీలకెత్తి (ఈ తట్టున మిరప బస్తాని టిక్కీ అంటారు) కోల్డ్ స్టోరేజీలో పెడతారు. జూలైలో పునర్వసు కార్తె రాగానే బయటికి తెచ్చి, ఎండలో కొట్టి, విత్తనం తీసి నారు పోస్తారు. ఉన్న విత్తనమంతా ఆ టిక్కీల్లోనే ఉంటుంది.

కొత్త నిబంధన ప్రకారం టిక్కీలు బయటికి రావాలంటే విడుదల కోరుతూ సంఘం అధ్యక్షురాలు డిజిటల్ సంతకం చేయాలి. ఆగస్టులో ఆశ్లేష కార్తె వెళ్లేలోగా ఎవరూ విడిపించుకోని సరుకును దిక్కులేని సరుకుగా ప్రకటించి కారం మిల్లుకు తోలేస్తారు. కారమైన విత్తనం మొలవదని మండలికి తెలుసు. అయితే మొలకెత్తడం మండలి పరిధిలోకి రాదు.

కాబట్టి మార్చిలోనే నసీమున్నీసా గుంటూరు వెళ్లి ఒక ఏజెన్సీలో డిజిటల్ సంతకం చేయించుకుంది. ఏజెన్సీ మనిషి ఆమె ఫొటో తీసి, కెమెరా ముందు ఆమె పేరు ఆమె చేతే చెప్పించి, ఒక ఫైలు ఫోనుకు పంపాడు, ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"ఇందులో మీ తాళంచెవి ఉందమ్మా. రెండేళ్లు పనిచేస్తుంది. వేడి తగలనీయకండి, చెమ్మ తగలనీయకండి, పరాయివాళ్ల చేతికి చిక్కనీయకండి."

ఆ మూడు మాటలూ ఆమె అక్షరాలా పాటించింది. (ఎలా పాటించిందన్నది మండలికి తర్వాత తెలిసొచ్చింది.) పాస్‌వర్డ్ విషయంలో కూడా ఏ లోటూ జరగలేదు. సంఘం సమావేశంలో దాన్ని తీర్మానంగా ప్రవేశపెట్టారు. సభ్యురాలు ప్రేమమ్మ బలపరిచింది. వెనక కూర్చున్న ముసలమ్మకు వినబడలేదంటే మళ్లీ గట్టిగా చదివి వినిపించి, ఏకగ్రీవంగా ఆమోదించారు. సంఘం రహస్యం సంఘం మొత్తానికీ తెలియకపోతే అది సంఘం రహస్యమెలా అవుతుందని ప్రేమమ్మ వాదన. ప్రేమమ్మ చర్చి మీటింగుల్లో ఆరితేరిన మనిషి, ఆమె వాదనకు ఎదురుండదు.

పునర్వసు వచ్చింది. నారుమళ్లు దున్ని చదును చేశారు. నసీమున్నీసా ఫోను పట్టుకుని ప్రత్తిపాడు సెంటర్లో జెస్సీ నడిపే నెట్ సెంటర్‌కి వెళ్లింది. జెస్సీ ప్రేమమ్మకు చెల్లెలి కూతురు. అందుకని నసీమున్నీసా ఆమెకు పెద్దమ్మ. జెస్సీ ఫోనులోని ఫైలును మండలి పోర్టల్లో పెట్టింది. పోర్టల్ ఎర్రబడింది.

"తోక తేడా వచ్చింది పెద్దమ్మా. మనది సీఈఆర్. వాళ్లకి పీఎఫ్ఎక్స్ కావాలంట."

"మార్చవే అయితే."

జెస్సీ మార్చింది. అంటే ఫైలు పేరు చివరున్న సీఈఆర్ చెరిపేసి పీఎఫ్ఎక్స్ అని కొట్టింది. (మన రాష్ట్రంలో సగం సాంకేతిక సమస్యలు ఇలాగే పరిష్కారమవుతాయి. మిగతా సగం ఇలాగే పుడతాయి.) పోర్టల్ కాసేపు ఆలోచించి పాస్‌వర్డ్ అడిగింది. తీర్మానించిన పాస్‌వర్డ్ కొట్టారు. ఈ ఫైలుకు తోక ఉంది కానీ లోపల పదార్థం లేదు, ఫార్మాట్ల విభాగాన్ని సంప్రదించండి, అని పోర్టల్ సమాధానమిచ్చింది.

ఫార్మాట్ల సమన్వయ, తోకల పరిశీలన విభాగం గుంటూరులో ఉంది. నసీమున్నీసా ప్రేమమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. దాని ఉపసంచాలకులు జయరావు గారు చెడ్డవాడు కాదు. వచ్చినవాళ్లని కూర్చోమంటాడు, మంచినీళ్లిప్పిస్తాడు, విషయం విపులంగా చెబుతాడు. ఆయన దగ్గర పనులు కాకపోవడానికి ఆయన స్వభావం కారణమని ఎవరూ అనలేరు.

"చూడండమ్మా. సీఈఆర్ అంటే మీరు మీరేనని చెప్పే కాగితం. అందులో తాళంచెవి ఉండదు. పీఈఎం అన్నా అదే కాగితం. అక్షరాల్లో ఉంటుంది, చూస్తే కనబడుతుంది కానీ ఎవరూ చదవలేరు. డీఈఆర్ అన్నా అదే. చూసినా కనబడదు. పీఎఫ్ఎక్స్ ఉందే, అది కాగితాన్నీ తాళంచెవినీ ఒకే సంచిలో వేసి, మూతి కుట్టి, పాస్‌వర్డ్ వేసింది. పీ ట్వెల్వ్ అన్నా అదే సంచి. కానీ పీ ట్వెల్వ్ మా పోర్టల్ తీసుకోదు."

"రెండూ ఒకటేనన్నారు కదండీ?"

"ఒకటేనమ్మా. అందుకే ఒకటే తీసుకుంటాం."

నసీమున్నీసాకు ఇందులో సంచి, మూతి కుట్టడం అన్నవి బాగా అర్థమయ్యాయి. తనకు కావలసింది పెన్‌డ్రైవేనని తేలిపోయింది. ఆమె మొహం విప్పారింది.

"అది ఉందండీ మా దగ్గర."

"ఉందా! ఇంకేం మరి. ఎక్కడుంది?"

"చల్లగా ఉందండీ."

జయరావు గారు కళ్లద్దాలు తీశాడు. ఆమె నిదానంగా చెప్పుకొచ్చింది. రెండేళ్ల తర్వాత పాడైపోయే వస్తువు, వేడి తగలకూడదు, చెమ్మ తగలకూడదు, పరాయివాళ్ల చేతికి చిక్కకూడదు. గుంటూరు మిరప నేలలో పుట్టిన మనిషికి అలాంటి వస్తువును ఎక్కడ పెట్టాలో ఒకరు చెప్పాలా? పాలిథిన్ కాగితంలో చుట్టి, గుడ్డలో మూటగట్టి, సంఘం మొదటి టిక్కీలో కాయల మధ్య దోపి, మూతి కుట్టి, కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. ఇంత భద్రం ఏ బ్యాంకులో ఉందని సంఘమంతా ఆమెను మెచ్చుకుంది కూడా.

చలిగది తెరవడానికి తాళంచెవి కావాలి. తాళంచెవి చలిగదిలో ఉంది. ఇలాంటి సందర్భానికి మండలి ఏ ఫార్మాటూ రూపొందించలేదు.

"పోనీ కొత్తది తీసుకోండి. ముందు పాతది పోయిందని దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తు మీద పాత తాళంచెవితో డిజిటల్ సంతకం చేయాలి."

"పోయిన తాళంచెవితోనా అండీ?"

"అది మీదేనని మాకెలా తెలుస్తుందమ్మా మరి? అయినా మీది పోలేదు కదా. ఎక్కడుందో మీకు తెలుసు. ఇప్పుడు మాకూ తెలుసు. తెలిసి తెలిసీ పోయిందని రాస్తే తప్పుడు ధ్రువీకరణ కింద కేసవుతుంది."

బయటికొచ్చాక ప్రేమమ్మ నెత్తి కొట్టుకుంది. "పోయిందని ఒక్క ముక్క చెప్పి ఏడిస్తే నీ సొమ్మేం పోయేది నసీమక్కా! హరిశ్చంద్రుడి ఇంటి కోడలివా నువ్వు?"

"ఉన్నదాన్ని పోయిందని ఎలా చెప్పేది ప్రేమమ్మా, నోరెలా వస్తుంది?"

ఈ నోటి లోపం వల్ల పునర్వసు వెళ్లిపోయి పుష్యమి వచ్చింది. వాన పడింది. నారుమళ్లు తడిసి, ఆరి, మళ్లీ తడిశాయి. పక్క ఊళ్లలో నారు పచ్చబడింది. పల్లెలో ఆడవాళ్లు పొద్దున్నే నసీమున్నీసా ఇంటి ముందుకొచ్చి ఏమీ అనకుండా నిలబడి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించేది. అత్తగారు పోయేముందు తన చేతిలో పోసిన విత్తనం తన చేతి మీదుగానే కారమైపోతుందన్న దిగులుతో ఆమెకు అన్నం సయించడం మానేసింది. తలప్రాణం తోకకొచ్చింది, ఆ తోక మాత్రం ఏ ఫైలుకూ అతకలేదు.

ఆ దిగులులోనే ఒకనాడు ఆమెకు ఒక సంగతి తట్టింది. జయరావు గారి దగ్గరికి మళ్లీ వెళ్లింది.

"సరుకు బయటికి రాకూడదన్నారు. మేం లోపలికి పోకూడదని ఉందా అండీ?"

ఆయన నిబంధనలన్నీ తిరగేశాడు. లేదు. లోపలికి వెళ్లి, టిక్కీ విప్పి, అక్కడే కంప్యూటరుకు తగిలించి, అక్కడే సంతకం చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను మళ్లీ టిక్కీలోనే పెట్టి వచ్చేస్తే సరుకు కదిలినట్టు కాదు. జయరావు గారు నిజంగా సంతోషించాడు. అక్కడికక్కడే అనుమతి రాసిచ్చాడు. (చేత్తో రాసిచ్చాడు. తొందరలో ఆ విషయం ఆయన గమనించలేదు.)

ఆశ్లేష కార్తె సగం గడిచాక నసీమున్నీసా, లాప్‌టాప్‌తో జెస్సీ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడ్డారు. గేటుకి కొత్తగా బిగించిన యంత్రానికి రెండే మీటలున్నాయి. ఒకటి డిపాజిట్, రెండోది విడుదల. విడుదల మీట సంతకం అడుగుతుంది. డిపాజిట్ మీట బరువు అడుగుతుంది, అంతే.

"కాటా మీద నిలబడక్కా," అన్నాడు బుడాన్ నేలచూపులు చూస్తూ. "బరువు కొట్టకపోతే తెరుచుకోదిది."

నసీమున్నీసా కాటా ఎక్కింది. రకం ఏమిటని యంత్రం అడిగింది. మిరప, పసుపు, శనగ, ఇతరములు. బుడాన్ ఆమెను పేరుతో సహా సంఘం ఖాతాలో ఇతరముల కింద జమ చేశాడు. జెస్సీనీ లాప్‌టాప్‌నీ ప్యాకింగు బరువు కింద చూపించాడు. గేటు తెరుచుకుంది.

చలిగదిలో నోరు తెరిస్తే పొగ వస్తోంది. గోడలకు మందంగా అట్టలు కొట్టి ఉండడం వల్ల ఫోన్లకు సిగ్నలు లేదు. నసీమున్నీసా మొదటి టిక్కీ మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి, మూట బయటికి తీసింది. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కాస్త ఘాటెక్కింది, అంతే. జెస్సీ తుమ్ముతూనే దాన్ని లాప్‌టాప్‌కి తగిలించింది. పీఎఫ్ఎక్స్ కనబడింది. కొంకర్లు పోయే వేళ్లతో సంఘం ఏకగ్రీవంగా ఆమోదించిన పాస్‌వర్డ్ కొట్టింది. విడుదల దరఖాస్తు మీద సంతకం పడింది.

"అయిపోయింది పెద్దమ్మా! పద, బిగుసుకుపోతున్నా."

నసీమున్నీసా కదల్లేదు. మూతి విప్పిన టిక్కీ ఎదుట ఉంది. పొట్టిముక్కు కాయలు మార్చిలో నింపినప్పుడున్నంత ఎర్రగా ఉన్నాయి. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఈ సంతకం కూడా ఏదో ఒక వంకతో తిరిగొస్తుందని ఆమె మనసు ఎందుకో గట్టిగా చెప్పింది.

"జెస్సీ, లాప్‌టాప్ చేత్తో పట్టుకో. ఆ బ్యాగు ఇటియ్యి."

"బ్యాగెందుకు... పెద్దమ్మా! ఛార్జరుందందులో! అయ్యో, మా ఆయన కొనిచ్చిన బ్యాగు!"

పెన్‌డ్రైవ్ మళ్లీ టిక్కీలోకి వెళ్లింది. కాయలతో బ్యాగు నిండింది. ఛార్జరు మెళ్లో వేసుకుని జెస్సీ ముందు నడిచింది. టిక్కీలకు కట్టిన చీటీల్లో చిప్పులున్నాయి, గడప దాటిస్తే కూత పెడతాయి. విడి కాయలకు చీటీల్లేవు. బయటికి వెళ్లడానికి మనుషులకు యంత్రంలో మీట లేదు కాబట్టి, హమాలీలు తిరిగే చిన్న తలుపు దగ్గర బుడాన్ నిలబడి ఉన్నాడు. ఉబ్బిన బ్యాగు దగ్గరికి రాగానే అతనికి తుమ్మొచ్చింది. ఆగకుండా ఇంకోటి వచ్చింది.

"ఏముందక్కా అందులో?"

ఉన్నదాన్ని లేదని చెప్పడం ఆమెకు చేతకాదని మనం చూశాం.

"మా విత్తనంరా బుడాన్."

బుడాన్ ముక్కు తుడుచుకుని, గేటు మీద అంటించిన సర్క్యులర్ వంక ఒకసారి చూశాడు. అతని ఉద్యోగం ఆ కాగితం మీదే నిలబడి ఉంది.

"నాకు ఫైళ్లు తెలవ్వు, తోకలు తెలవ్వు. నాకు కనబడేది నీ ముఖం ఒక్కటే. అది లెక్కలోకి రాదంట గదా. అంటే ఇక్కడెవరూ లేరు. పో."

నెట్ సెంటర్‌కి వెళ్లి సంతకం చేసిన ఫైలును పోర్టల్లో పెట్టారు. తోక సరిపోయింది. తాళంచెవి సరిపోయింది. తెర పచ్చబడింది. జెస్సీ చప్పట్లు కొట్టబోయింది. అప్పుడు పోర్టల్ ఒక చిన్న విషయం తెలియజేసింది: "రికార్డుల ప్రకారం సంతకందారు ప్రస్తుతం గిడ్డంగిలో నిల్వ ఉన్నారు. నిల్వ సరుకు తనను గానీ ఇతర సరుకును గానీ విడుదల చేయమని కోరజాలదు."

జయరావు గారు ఫోన్లో చాలా బాధపడ్డాడు. మనుషుల విడుదలకు ఒక ప్రత్యేక ఫార్మాట్ అవసరమని పైకి రాశానన్నాడు. తోక ఏది పెట్టాలన్న దానిపై కమిటీ వేస్తారన్నాడు.

కమిటీ వేసేలోగా ఆశ్లేష వెళ్లిపోయింది. లారీ వచ్చింది. సంఘం టిక్కీలన్నీ దిక్కులేని సరుకుగా మిల్లుకు వెళ్లాయి. రోడ్డు పక్కన నిలబడి ఆడవాళ్లంతా చూశారు. నసీమున్నీసా లారీ కనబడినంతసేపూ ఏడ్చింది. ఇంటికొచ్చి ఆ కళ్లే కొంగుతో ఒత్తుకుని, బ్యాగులోని కాయలు చాప మీద పోసి కొట్టింది. వచ్చిన విత్తనం అందరి తోటలకూ చాలదు. అందరూ కలిసి ఒకే మడిలో పోశారు, పండిందంతా వచ్చే ఏటి విత్తనానికేనని తీర్మానించారు. ఈ ఏడు తోటలకు మాత్రం కొట్లో దొరికే విత్తన ప్యాకెట్లే గతి. ఆ ప్యాకెట్ల మీద డిజిటల్ ధ్రువీకరణ ఉంది. మొలక ఎంత శాతమో లేదు.

మఖ కార్తె వానకు పొట్టిముక్కు నారు మొలిచింది. నసీమున్నీసా మడి గట్టు మీద గొంతుక్కూర్చుని కలుపు తీస్తుండగా ఫోను మోగింది. ప్రేమమ్మ తీసి, తడబడుతూ పైకి చదివింది.

"గౌరవనీయ డిపాజిటరు గారికి. మీ ఖాతాలోని మిరప మరియు ఇతరములు, నసీమున్నీసా, విజయవంతంగా కారం పట్టించబడినవి. మా సేవకు ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు?"

ప్రేమమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నిన్ను కూడా కారం పట్టించేశారంటక్కా! ఎన్నిస్తావు మరి?"

నసీమున్నీసా మట్టి చేతిని చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది. ఒకటి నొక్కింది. ఐదు కన్నా తక్కువ ఇచ్చేవారు కారణం రాసి, దాని మీద డిజిటల్ సంతకం చేయాలని వచ్చింది.

ఆమె ఐదూ నొక్కి, ఫోను ప్రేమమ్మకిచ్చి, కలుపు తీయడంలో పడింది.

తమ సేవలపై రైతుల సంతృప్తి ఈ ఏడాది నూటికి నూరు శాతమని మండలి ప్రకటించింది.